గుండిగలో తక్కువైన ముక్క

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. వికారాబాద్‌లో మా ఇంటి వెనకే శ్మశానం. చిన్నప్పుడు అక్కడే గోలీలాడుకున్నాం. అందుకే ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను. ఇన్నేళ్లయినా కడుపుమంట చల్లారక రాస్తున్నాను.

డెబ్బయ్యో దశకం చివర్లో, పాతకాలపు వస్తువులు సేకరించే ఒక ఆఫీసులో టెంపరరీ ఉద్యోగం చేసేవాణ్ణి. తాండూరు దగ్గర, యాలాల్ వైపు ఒక చేను నాపరాళ్ల గని కింద పోబోతోంది. ఈలోగా భూమిలో ఏముందో చూడమని, లోహం ఉన్నచోట కూతపెట్టే మిషన్ ఒకటి ఇచ్చి నన్ను పంపారు. రోజూ ప్యాసింజర్ బండిలో పోయి వచ్చేవాణ్ణి.

ఆ మిషన్ నా ప్రాణం తోడేసింది. కూసిన చోటల్లా తవ్వితే నాగటి కర్రు ముక్కో, ఎద్దు నాడానో. ఎట్టకేలకు రాగి ముక్కలు కొన్ని దొరికాయి. అయిదారు వందల ఏళ్లనాటి వంట గుండిగ అని మా ఆఫీసరు తేల్చాడు. ముక్కలన్నీ దొరికి గుండిగ పూర్తయితే నా ఉద్యోగం పర్మనెంటుకు రాస్తానన్నాడు. మా ఆవిడ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది.

పద్నాలుగు ముక్కలు కుదిరాయి. అంచు దగ్గర అరచేయంత ముక్క ఒక్కటే తక్కువ. మిషనేమో నాలుగో గుంట ఒక్కదాంట్లోనే కూస్తూ ఉంది. నడుములోతు తవ్వినా ఏమీ లేదు. తీసిన మట్టి మీద పెడితే కూయదు, ఖాళీ గుంటలో పెడితే కూస్తుంది. బ్యాటరీలు మార్చాను. వాచీ, బెల్టు విప్పి పక్కన పెట్టాను. చిర్రెత్తి దాన్ని ఒక తన్ను కూడా తన్నాను.

మట్టి ఎత్తే కూలి మల్లమ్మ, గొర్లు కాసే ఇంటి మనిషి, నాలుగు రోజులు నా తిప్పలు చూసి ఊరుకోలేకపోయింది.

"ఒకరింటి గంజు తీస్కున్నవ్ సారూ. మేం గిన్నె అడిగి తెచ్చుకుంటే ఉత్తగ తిరిగియ్యం, గిన్ని గింజలన్న ఏసి ఇస్తం. నువ్వు ఉత్త గుంత ఇడిసిపెడ్తున్నవ్."

నవ్వాను. మర్నాడు ఆమే కొంగులో జొన్నలు తెచ్చి గుంటలో పోసింది. మిషన్ పెట్టాను. కూయలేదు. నా తాళాలగుత్తి మీద పెడితే మాత్రం కూసింది.

పద్నాలుగు ముక్కలూ పెట్టెలో పెట్టి, మేకులు నేనే కొట్టి ఆఫీసుకు తీసుకెళ్లాను. ఆఫీసరు ముందు విప్పితే పదిహేను ఉన్నాయి. పదిహేనోది అంచు దగ్గర అతికినట్టు సరిపోయింది.

"ఇది ఏ గుంటలో, ఎంత లోతులో దొరికింది?" అన్నాడు ఆఫీసరు.

"దొరకలేదు సార్" అన్నాను.

దాచుకుని, భయపడి మళ్లీ కలిపానని రాశాడు. ఆ నెలాఖరుకు ఉద్యోగం పోయింది.

మల్లమ్మే పెట్టిందేమోనని నేనూ అనుమానించాను. తర్వాత తాండూరు అంగట్లో కనిపిస్తే, నేను నోరు తెరిచేలోగా ఆమే అడిగింది: "ఆ తునక దొరికిందా సారూ?"



'నాలుగో గుంట, నడుములోతు' అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఉద్యోగం నిలిచేది. కానీ ఆ గుంట అడుగంతా నేను రెండు చేతులతో తడిమి చూశాను. అక్కడ ఏమీ లేదు.