అడవిలో పేరు పెట్టి పిలవరు

మంట ఎక్కడ పుట్టిందో వెతికే పిచ్చి నాకు ఉద్యోగంతో వచ్చింది కాదు. కామారెడ్డిలో మా అమ్మ బీడీలు చుట్టేది. ఇల్లంతా తునికాకు వాసన. ఆ ఆకు ఏ చెట్టుది, ఆ చెట్టు ఎక్కడుంటుంది, ఎవరు కోసుకొస్తారు అని అడిగి అడిగి ఆమె ప్రాణం తోడేసేదాన్ని. "అడవిల ఉంటది. అంత సోకుంటె పోయి సూస్కో పో," అని చేట అటు తిప్పుకుని కూర్చునేది. చివరికి చూసుకోవడానికే పోయినట్టయింది. అటవీశాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగం వచ్చి, ఎల్లారెడ్డి వైపు అడవిలో ఒక ముక్క నా పాలబడింది. ఆ ముక్కలో చెట్టు మాయమైనా, మంట లేచినా, మనిషి తప్పిపోయినా మొదట నన్నే అడుగుతారు.

అడవి మంట అంటే ఆకాశాన్నంటుతుందని అనుకునేదాన్ని. మా అడవిలో అట్లా ఉండదు. ఎండాకాలం వచ్చేసరికి టేకాకులు నేలంతా పరుచుకుని, కాలు పెడితే అప్పడాల్లా విరుగుతాయి. మంట వాటి మీద మోకాలెత్తున పాకుతూ పోతుంది. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ గుట్ట ఎక్కేటప్పుడు దానికి ఎక్కడలేని హుషారు వస్తుంది, దిగేటప్పుడు బద్ధకం. అది చల్లారాక నేను రాళ్ల చుట్టూ తిరిగేదాన్ని. రాయికి ఏ వైపు మసి ఎక్కువ పట్టిందో చూస్తే మంట ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. అట్లా రాయి రాయి పట్టుకుని వెనక్కి నడిస్తే, చాలాసార్లు ఒక ఇప్పచెట్టు కిందికి చేరేదాన్ని.

ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకుల మీద పడితే ఏది ఆకో ఏది పువ్వో పోల్చుకోవడం కష్టం. అందుకని ఏరుకునేవాళ్లు కొందరు ముందురోజు పొద్దుగూకే వేళ చెట్టు కింద ఆకులకు నిప్పుపెట్టి, నేల నల్లబడ్డాక ఆర్పేస్తారు. పొద్దున ఆ నల్లటి నేల మీద పువ్వు చక్కగా కనబడుతుంది. ఆర్పామనే అనుకుంటారు. ఏ ఎండుకట్టె కడుపులోనో నిప్పు కునుకు తీస్తూ ఉంటుంది. మరునాడు గాలి లేచినప్పుడు అది కూడా లేస్తుంది. ఇంటింటికీ తమదనుకునే చెట్టు ఒకటి ఉంటుంది కాబట్టి, ఏ చెట్టు కింద మొదలైందో తెలిస్తే ఎవరు పెట్టారో తెలిసినట్టే. వాళ్లకూ ఆ సంగతి తెలుసు.

అట్లాంటి ఒక రోజు ఎండ నెత్తికెక్కుతుండగా ఆఫీసులో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. మంట కనబడితే ఉపగ్రహం నుంచి సందేశం వస్తుంది. పైన అంత దూరాన ఉన్నదానికి మా గుట్ట మీది పొగ కనబడటం నాకు ఇప్పటికీ వింతే. మా రేంజర్ సారు జీపు తీశారు. ఆయన మంచి మనిషి, కాకపోతే మైకు అంటే ప్రాణం. చేతికి మైకు వచ్చిందంటే గొంతు మారిపోతుంది. అడవి అంచుకు చేరేసరికి ఒకామె చెప్పుల్లేకుండా ఎదురు పరుగెత్తుకొచ్చింది.

"మేడం, మా అత్త రాలే. పొద్దుగాల పువ్వుకు పోయింది. అందరు అచ్చిండ్రు, ఆమె ఒక్కతే రాలే."

పొగను చూసి మిగతా ఆడవాళ్లంతా దిగొచ్చేశారట. ఆమె అత్త, ఆ ముసలవ్వ మాత్రం దిగలేదు. సారు అక్కడికక్కడే మనుషుల్ని రెండుగా విడగొట్టారు. మంటల కాలానికి పనిలో పెట్టుకునే ఊరి మనుషులు, మేము వాచర్లంటాం, భుజానికి తగిలించుకున్న గాలి మిషన్లతో మంట ముందు ఆకుల్ని ఊడ్చి ఖాళీ బాట చేయడానికి పోయారు. కాలడానికి ఏమీ దొరకకపోతే మంట ఆ బాట దగ్గర ఆగుతుంది. కానీ అది ఒక పక్కకే. రెండో పక్క గుట్ట ఉంది. అవ్వ చెట్టు ఆ గుట్ట కిందే. కోడల్ని జీపెక్కించుకుని సారూ నేనూ అటు పోయాం.

మనిషిని వెతకడం అంటే కళ్లతో చేసే పని అనుకుంటారు. నాకైతే అది ప్రశ్నలు వేసే పని. ఎండకు ఎక్కడ కూర్చుంటుంది? నీళ్లకు ఎటు పోతుంది? మోకాళ్ల నొప్పులున్నాయా? కోడల్ని అడుగుతూనే ఉన్నాను. ఆమె సగం వాటికి జవాబు చెప్పి, సగం వాటికి ముక్కు చీదింది. సారు సైరన్ మోగిస్తూ, మైకులో అవ్వను ఇంటిపేరుతో సహా పిలుస్తూ, "ఎక్కడున్నా వెంటనే బయటికి రావాలి" అని గుట్టంతా మారుమోగించారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. చెట్టు మీది కోతులు తప్ప ఎవరూ కదల్లేదు.

ఒక బండ నీడలో గంప దొరికింది. పువ్వు మీద తడిగుడ్డ కప్పి, గాలికి లేవకుండా రాయి పెట్టి ఉంది. కంగారుగా పారిపోయిన మనిషి అట్లా పెట్టదు. కొంచెం అవతల పచ్చి కొమ్మ ఒకటి పడి ఉంది. దాని ఆకులు కొసల్లో మాడిపోయాయి. మేం మంటను కొట్టి ఆర్పేది అట్లాంటి కొమ్మలతోనే. అంటే మంట లేచాక కూడా అవ్వ ఇక్కడే ఉంది. ఒక్కతే దాన్ని కొడుతూ నిలబడింది. ఆ కొమ్మను చేతిలోకి తీసుకుంటే ఇంకా వేడిగానే ఉంది. మనిషి దగ్గర్లోనే ఉంది, మంటా దగ్గర్లోనే ఉంది.

"అవ్వకు చెవులు మంచిగనే ఇనబడతయా?" అని కోడల్ని అడిగాను.

"చెవులా? నేను వంటింట్ల గొనుక్కుంటె వాకిట్ల ఇంటది."

మరి ఎందుకు పలకదు? స్పృహ తప్పిందా? కోడలు ఏదో చెప్పబోయి ఆగింది. సారు వైపు చూసింది, జీపు వైపు చూసింది, తర్వాత నా ఖాకీ చొక్కా వైపు చూసింది.

"ఏందో చెప్పు. మంట ఆగదు మన కోసం," అని కసిరాను. నాకు ఓపిక తక్కువ.

"మిమ్ములను సూసే దాసుకుంది మేడం. ఎన్కట ఒకాయన మీ లెక్కనే ఖాకీ ఏసుకుని అచ్చి, ఈమె కట్టెలకు పోతె గొడ్డలి గుంజుకుని పొద్దుమీకే దాక నిలవెట్టిండు. ఇప్పుడు మీరేమో పేరు పెట్టి పిలువవడ్తిరి. అడవిల పేరు పెట్టి ఎవలన్న పిలుస్తరా? పేరు పిలిచిండ్రంటె పట్టుకపోనీకె అచ్చినట్టే."

"మరి మీరు ఎట్ల పిలుసుకుంటరు?"

"కూత పెడ్తం."

ఒళ్లు మండిపోయింది. అవ్వ మీదో, ఆ పాతకాలపు మనిషి మీదో, సారు చేతిలో మైకు మీదో నాకే తెలియలేదు. పొగలో ఊపిరాడకపోయినా ఫర్వాలేదు గానీ మా చేతికి మాత్రం చిక్కకూడదనుకుంది ఒక ముసలామె. మంటకంటే మేమంటేనే ఆమెకు ఎక్కువ భయం. ఈ ఉద్యోగంలో అంత బాధ నాకు మరెప్పుడూ కలగలేదు.

"సార్, మైకు ఆపేయండి. సైరనూ, జీపూ కూడా," అన్నాను.

సారు నన్ను ఎగాదిగా చూశారు. కానీ ఆపేశారు. అప్పుడు వినబడింది మంట. అప్పటిదాకా మా గోల కింద అణిగిపోయిన చప్పుడు, చిటపటమంటూ, మేం అనుకున్నదానికంటే చాలా దగ్గరగా. కోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "కూ..." అని పెట్టింది. కొసన పైకి లేచే కూత. ఆగింది. మళ్లీ పెట్టింది. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాను. మూలిగినట్టు సన్నగా, పై బండల్లోంచి "కూ" అని తిరిగొచ్చింది.

కోడలు నాకంటే ముందు ఎక్కింది. రెండు బండల సందులో అవ్వ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా నీళ్లు కారుతున్నాయి, చేతులు మసి. కోడల్ని చూసి ముఖం విప్పారింది, వెనక నన్ను చూసి మళ్లీ ముడుచుకుంది.

"నేనే పెట్టిన బిడ్డా. నిన్న ఆర్పిననే అనుకున్న. దీన్ని ఏమనకుండ్రి, దీనికేం తెల్వది," అంది కోడల్ని చూపిస్తూ.

"అవన్నీ మల్ల మాట్లాడుకుందం అవ్వా. లే ముందు."

అప్పటికే మంట బండల కింది గడ్డిని అందుకుంది. పైకి ఎక్కితే లాభం లేదు, మంట మనకంటే వేగంగా ఎక్కుతుంది. అడవిలో అప్పుడు నమ్మదగిన చోటు కాలిపోయిన నేలే. అక్కడ ఇంక కాలడానికి ఏమీ ఉండదు. మంట పలచగా ఉన్న పక్క చూసుకుని, సారు కింద నుంచి పచ్చి కొమ్మతో కొట్టి దారి చేశారు. గంప దగ్గర నుంచి నేను తెచ్చిన తడిగుడ్డను అవ్వ ముఖానికి చుట్టి, ఆమెను వీపు మీద ఎక్కించుకున్నాను. కోడలు సారు అందించిన బూట్లు తొడుక్కుంది, ఆయన సాక్సుల మీద జీపులోంచి తెచ్చిన తడిగోనె చుట్టుకున్నారు. మంట అంచును ఒక్క అంగలో దాటి నల్లటి నేల మీదికి వచ్చాం. బూట్ల అడుగు నుంచి వేడి కాళ్లకు తగులుతోంది. మెడ దగ్గర అవ్వ ఊపిరి గురగురమంటోంది. అది వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది.

ఎల్లారెడ్డి దవాఖానలో పొగకు మందులిచ్చి, అరచేతులకు కట్టుకట్టి పంపించారు. తర్వాత సారు అవ్వను ఆఫీసుకు పిలిపించి కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ తిట్టారు. కోడలు పక్కనే నిలబడి, సారు మరిచిపోయినవి తాను అందించింది. నేను గొడ్డలి సంగతి ఎత్తితే సారు చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నారు. ఆ గొడ్డలి ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నాకు మాత్రం ఆ కూత బుర్రలోంచి పోలేదు. చూడ్డానికి సులువే. కానీ ఎప్పుడు పెడతారు, కొస ఎందుకు లేపుతారు, ఎవరు పిలుస్తున్నారో ఎట్లా గుర్తుపడతారు? తర్వాతి ఏడాది పువ్వు రాలే కాలానికి ముందే, మామూలు చీరలో ఆ ఊరికి పోయి ఆడవాళ్లను అడిగాను. నేను పెట్టి చూపిస్తే పడీ పడీ నవ్వారు. "మీది బండి హారన్ లెక్కున్నది మేడం," అన్నారు. చెట్టు కింద నిప్పు బదులు చీపురు పట్టమని నేను చెప్పాను. కొందరు విన్నారు, కొందరు తలూపారు. అవ్వ మూలన చింతపండు ఒలుస్తూ కూర్చుంది. నా వైపు ఒక్కసారీ చూడలేదు. నేను ఖాకీలో లేకపోయినా ఖాకీలో ఉన్నట్టే అనిపించి, దిగులుగా తిరిగొచ్చాను.

కొన్నాళ్లకు ఒక ఉదయం ఒక్కదాన్నే ఆ గుట్ట కింద మేం ఊడ్చి ఉంచిన బాట చూసుకుంటూ నడుస్తున్నాను. ఎక్కడో కూత వినబడింది. ఎవరో ఎవరినో పిలుచుకుంటున్నారులే అని నడక ఆపలేదు. మళ్లీ వచ్చింది. ఈసారి కొస ఇంకా గట్టిగా లేచింది. నేను బాట వంపు తిరిగి పోతూనే ఉన్నాను. మూడోసారి వచ్చింది కూత కాదు, దగ్గు. వెనక్కి తిరిగి చూస్తే అవ్వ చేతిలో చీపురుతో పొదలు తప్పించుకుంటూ, ఆయాసపడుతూ నా వెంట వస్తోంది.

"ఎన్నిసార్లు కూత పెట్టాలె నీకు? ఆ పక్క ఎవలో బీడీ పారేసి పొయ్యిండ్రు, ఆకు అంటుకున్నది. నేను కొడుతున్న గని నాతోని అయితలేదు. జెప్పన రా."

"నన్ననుకోలే అవ్వా," అన్నాను.

"మరి ఈడ ఇంకెవలున్నరు?" అని, నా కోసం ఆగకుండా, పొగ వైపు ముందు నడిచింది.