అభ్యంతరాలు లేవని రాసింది నేనే

ఆరేళ్ళుగా ఒక కాగితం నా దగ్గర ఉంది. రూళ్ళ నోటుపుస్తకంలోంచి చింపిన ఒక్క పుట, నాలుగు మడతలు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. కానీ ఇల్లు మారినప్పుడల్లా ముందు దాన్నే సర్దుకుంటాను. ఎవరైనా నా పుస్తకాల బీరువా ముందు కాసేపు నిలబడితే ఏదో ఒక సాకుతో పక్కకు పిలుస్తాను. రోజూ డైరీ రాస్తాను. బస్సులో ఎవరి పక్కన కూర్చున్నానో కూడా రాస్తాను. ఈ సంగతి మాత్రం ఒక్కనాడూ రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా దాచాను. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. ఊరి పేరు కూడా రాయను. అనంతపురం జిల్లాలో ఒక పట్టణం అనుకోండి, చాలు.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు ఏళ్ళవి. నేను ఆ ఊరి పురపాలక ఆఫీసులో తాత్కాలిక టైపిస్టుగా చేరాను. నా బల్ల మీదికి వచ్చే ఫైళ్ళలో ఒకటి పట్టణ సుందరీకరణ కమిటీది. ఏ కూడలిలో ఏ విగ్రహం నిలబెట్టాలి, ఏ గోడ మీద ఏ బొమ్మ వేయించాలి, ఎవరి చేత చేయించాలి, తర్వాత దాన్ని ఎవరు కడిగి రంగులు వేయాలి, ఇవన్నీ ఆ కమిటీ తేల్చాలి. ఏడుగురు సభ్యులు. ఏడుగురూ మగవాళ్ళే. పద్ధతంతా నాకు కంఠతా వచ్చు. మొదట స్థలం చూస్తారు. తర్వాత నమూనా. ఆ తర్వాత నోటీసు: ఫలానా చోట ఫలానా శిల్పం పెట్టబోతున్నాము, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో రాసి ఇవ్వండి అని. ఎవరైనా అభ్యంతరం ఇస్తే ఆ మనిషిని కమిటీ ముందుకు పిలిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, చెప్పింది విని, విన్నామని రాయాలి. అప్పుడే ఉత్తర్వు.

చదవడానికి ఎంత బాగుందో చూడండి. మొదటిసారి టైపు చేసినప్పుడు నేను నిజంగానే సంతోషపడ్డాను. పుస్తకాల్లో పెరిగినదాన్ని కదా, కాగితం మీద ఉన్నది బయట కూడా ఉంటుందనుకున్నాను. నోటీసు ఎక్కడ అంటిస్తారో చూశాక తెలిసింది. ఆఫీసు లోపల, పాత రికార్డుల గది పక్కన, బీరువా తలుపు తెరిస్తే దాని వెనక్కి పోయే బోర్డు మీద.

ఆ ఏడాది వాళ్ళ కన్ను బస్టాండు దారిలోని కూడలి మీద పడింది. థర్మకోలు నమూనా వచ్చింది. ఒక కూలి స్త్రీ. చంకలో వంచిన కుండ, అందులోంచి నీళ్ళు కింద తొట్టిలోకి పడే ఫౌంటెన్. కింద శిలాఫలకం మీద ‘మా ప్రాంత శ్రామిక మహిళకు నివాళి’ అని ఉండాలట. రెండు గంటలు చర్చించారు. నేను మూలన కూర్చుని రాసుకున్నాను. ఒకాయన నడుము ఇంకాస్త సన్నగా ఉండాలన్నాడు. ఒకాయన చీర అంచు ఎరుపా పసుపా అన్నదాని మీద అరగంట మాట్లాడాడు. నీళ్ళెక్కడివి అని ఒకరు అడిగితే, అక్కడ వీధి కుళాయి ఉందిగా, ఆ గొట్టమే దీనికి తిప్పితే సరి అన్నారు. అది ఒక్క వాక్యంలో అయిపోయింది. అక్కడున్న చెట్టు అడ్డం వస్తుంది, కొట్టేద్దామన్నారు. అదీ ఒక్క వాక్యమే. అక్కడ కూలీలు కూర్చుంటారు కదా అని ఎవరో అంటే, "అందుకేగదప్పా, సెంటరంతా సంత మాదిరి అయిపోయినాది" అని ఇంకొకరు. అందరూ నవ్వారు. టీ తాగారు.

శ్రామిక మహిళకు నివాళి! ఇప్పుడు రాస్తున్నా నాకు ఒళ్ళు మండుతోంది. వాళ్ళను ఎన్ని మాటలైనా అనగలను. ఆరేళ్ళుగా మనసులో అంటూనే ఉన్నాను. కానీ వాళ్ళను తిట్టుకుంటున్నంత సేపూ నన్ను నేను తప్పించుకుంటున్నానేమో.

ఆ కూడలిలోనే నేను రోజూ బస్సు దిగేదాన్ని. మా ఊరి నుంచి ఆ ఒక్క బస్సే ఉండేది, ఆఫీసు తెరవడానికి రెండు గంటల ముందే దింపేది. ఒక కానుగ చెట్టు, దాని కింద పొడవాటి రాతి బండ, పక్కన కుళాయి. తెల్లవారేసరికి కూలీలంతా అక్కడ చేరేవారు. మేస్త్రీలు వచ్చి కావలసినంత మందిని ఎంచుకుని తీసుకుపోయేవారు. వానల్లేక శనక్కాయ ఎండిపోయిన పల్లెల వాళ్ళు. నేను బండ చివర కూర్చుని పుస్తకం తెరిచేదాన్ని. మొదట పలకరించింది ఓబుళమ్మ. యాడికి అనే మండలం మనిషి, నలభై దాటి ఉంటుంది, ఇసుక తట్టలు మోసేది.

"ఏం పాపా, ఆ బుక్కులో అంత ఏముండాది? మాకూ చెప్పు. మేస్త్రీ వచ్చేదాకా పొద్దు పోతాది."

చెప్పాను. ఇంట్లో చుట్టాలొస్తే వంటింట్లో దాక్కునే నేను, ఆ బండ మీద కూర్చుని కథలు చెప్పాను. నిన్న ఎక్కడ ఆపానో వాళ్ళే గుర్తు చేసేవారు. కథలో వాడు ఆమెను ఎందుకు వదిలేశాడని ఓబుళమ్మ నాతో పోట్లాడేది, నేనే వదిలేసినట్టు. నా జీవితంలో నా మాటల కోసం ఎదురుచూసిన మనుషులు వాళ్ళే.

నోటీసు సంగతి వాళ్ళకు చెప్పింది నేనే. అది నా గొప్ప. మీరు రాసి ఇస్తే కమిటీ మిమ్మల్ని పిలిచి వినాలి, పద్ధతి అదే అని చెప్పాను. కథ చెప్పినట్టే ఎంతో నమ్మకంగా చెప్పాను.

"బొమ్మ పెట్టేదానికి మా కుళాయి ఏంటికి తీస్తారు?" అంది ఓబుళమ్మ. "అయితే రాయి పాపా. నేను చెప్పినట్లే రాయి. నీ ఆపీసు మాటలు కలపాకు."

అలాగే రాశాను. నా నోటుపుస్తకంలోంచి ఒక పుట చింపి, నా చేత్తో రాశాను. మర్నాడు ఆఫీసు స్టాంపు ప్యాడు అన్నం సంచిలో పెట్టుకుని వచ్చాను. పన్నెండు మంది ఆడవాళ్ళు వేలిముద్రలు వేసి, నీలిరంగు వేళ్ళను కానుగ మొదలుకు తుడుచుకున్నారు. మేము ఆ మెట్లెక్కితే జవాను తరుముతాడు, నువ్వే ఇయ్యి అన్నారు. గడువుకు ఇంకా అయిదు రోజులున్నాయి.

నేను ఇవ్వలేదు.

ఎందుకు? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఉద్యోగం పోతుందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత మర్యాదగా ఉంటుంది. పేదపిల్ల, తాత్కాలిక ఉద్యోగం, పాపం అనుకుంటారు. కానీ అది నిజం కాదు. ఆ ఉద్యోగం పోతే నాయన సంతోషించేవాడే, అంత దూరం బస్సులో పోవద్దని రోజూ అనేవాడు. నిజం ఇంతకన్నా చిన్నది. కాగితాన్ని, వచ్చిన అర్జీలు తీసుకునే ఇన్వర్డ్ గుమాస్తాకు ఇవ్వబోతూ దాని మీది అక్షరాలు చూశాను. ఆఫీసులో అందరికీ తెలిసిన అక్షరాలవి. ఆఫీసు గోడల మీద అంటించే చేతిరాత కాగితాలన్నీ నావే. కమిటీలో ఎవరో ఒకరు కాగితం పైకెత్తి, ఇది నీ రాతే కదమ్మా అంటారు. ఏడుగురు మగవాళ్ళు ఒకేసారి మూలకు తిరిగి నన్ను చూస్తారు. నేను లేచి నిలబడాలి. మాట్లాడాలి.

అంతే. ఏడుగురు నా వైపు చూడకుండా ఉండడం కోసం పన్నెండు మంది గొంతు నొక్కాను. దాన్ని సిగ్గు అని, బెరుకు అని మెత్తని పేర్లతో పిలుస్తారు. ఆడపిల్లకు అందం అని కూడా అంటారు. ఆ అందం ఏం చేయగలదో నాకు తెలుసు.

ఇంకొకరి చేత తిరగ రాయించవచ్చు. నేనే టైపు చేసి మళ్ళీ వేలిముద్రలు తీసుకోవచ్చు. ఆ అయిదు రోజుల్లో ఇవన్నీ తట్టాయి. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటూ, పొద్దున బండ మీద కూర్చుని కథ మాత్రం ఆపకుండా చెప్పాను.

పదిహేనో రోజు మా సెక్షన్ సారు ఫైలు తెరిచాడు. తల కూడా ఎత్తలేదు.

"ఏమ్మా, అబ్జెక్షన్లు ఏమన్నా వచ్చినాయా?"

"లేదు సార్."

"వస్తే గదా! బొమ్మ వద్దనేటోడు ఈ ఊర్లో ఎవడుండాడు? లేవని టైపు కొట్టేయ్."

అభ్యంతరాలు: లేవు. కొట్టాను. ఒక్క తప్పు లేకుండా కొట్టాను. కాగితం నా అన్నం సంచిలోనే ఉంది.

చెట్టు కొట్టిన రోజు బస్సు దిగేసరికి మొద్దు పక్కకు దొర్లి ఉంది. బెరడు మీద నీలి మరకలు ఇంకా పోలేదు. కూలీలను రైలుగేటు అవతల బయలు స్థలానికి పొమ్మన్నారు. విగ్రహం లేచింది. చుట్టూ ఇనుప కంచె, కంచెకు తాళం. ప్రారంభం రోజు వీధి గొట్టంలో నీళ్ళు రాకపోతే ట్యాంకరు తెప్పించి గుడ్డల వెనక నిలబెట్టారు. ఉపన్యాసాలు అయిపోయేదాకా కుండలోంచి నీళ్ళు పడ్డాయి. ట్యాంకరు పోయాక మళ్ళీ పడలేదు. నిర్వహణ ఎవరిది అన్న గడిలో నా చేత ‘సంబంధిత శాఖ’ అని కొట్టించారు. ఏ శాఖో ఎవరూ రాయలేదు, ఎవరూ అడగలేదు. తొట్టి నిండా టీ కప్పులు, ఎండిన ఆకులు.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం బస్సు దిగుతుంటే కంచె పట్టుకుని ఓబుళమ్మ నిలబడి ఉంది. అన్ని రోజులూ రైలుగేటు వైపు పోకుండా ఆమెను తప్పించుకున్నాను. ఆ రోజు తప్పలేదు.

"ఇది కూలామె బొమ్మంట గదా పాపా?"

"అవునక్కా."

"ఆ నడుము చూడు! ఈయమ్మ ఒక్క దినమన్నా తట్ట మోసిండదు. మోసింటే యాపొద్దో విరిగిపోయుండు." పెద్దగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"అక్కడ ఎలా ఉందక్కా?"

"ఏముంటాది, ఎండ ఉండాది. నీళ్ళు సీసాలో తెచ్చుకోవల్ల. మేస్త్రీలు సగం మంది అంత దూరం రారు. సగం దినాలు ఉత్త చేతులతో ఎనక్కి పోతాండాం." కాసేపు బొమ్మనే చూసింది. "ఒకటి అడగల్లనుకుంటి పాపా. మన కాయితం ఆ సార్లు సదివినారా?"

ఇక్కడ చెప్పేసి ఉండవచ్చు. ఆమె తిట్టేది. కొట్టినా కొట్టేది. అంతటితో పోయేది. నేనేమన్నానో వినండి.

"చదివారక్కా."

"అందరూనా?"

"అందరూ."

ఆమె తల ఊపింది. "సదివి గూడా ఇట్ల చేసినారంటే మనం అడిగిందే తప్పేమోలే. పెద్ద సదువుల వాళ్ళు. అంతా ఆలోచన చేసే ఉంటారు." నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు రాసిస్తివి. మా మాట ఆడిదాకా పోయినాది. అది చాలు. అవునూ, ఆ కతలో పిల్ల ఇల్లు చేరిందా లేదా? సగంలో ఇడిస్తివే."

చేరింది అని చెప్పినట్టు గుర్తు. ఆఫీసుకు టైమైందని వచ్చేశాను.

చెట్టు పోయినందుకు, కుళాయి పోయినందుకు నాకు కోపం ఉంది. కానీ నిద్రలో నన్ను లేపి కూర్చోబెట్టేది ఆ మాట. మనం అడిగిందే తప్పేమోలే. తన దాహం గురించి తనకున్న లెక్క సరైనదే అని నమ్మిన మనిషి, ఎవరూ చదవని కాగితానికి జవాబు వచ్చిందనుకుని ఆ నమ్మకం వదులుకుంది. ఆ జవాబు ఇచ్చింది కమిటీ కాదు. ఆమెకు కథలు చెప్పిన పిల్ల.

కాగితం ఇచ్చి ఉంటే ఆగేదా? ఆగకపోవచ్చు. ఒక వాక్యం రాసి తోసేసేవారేమో. అయినా ముందు ఆమెకు కుర్చీ వేయాల్సి వచ్చేది. నడుము గురించి రెండు గంటలు మాట్లాడినవాళ్ళు నిజమైన నడుముతో ఒక మనిషి ఎదురుగా కూర్చుంటే ఆమె మాట వినాల్సి వచ్చేది. అది జరగకుండా ఆపింది వాళ్ళు కాదు. వాళ్ళకు ఆ అవసరం కూడా లేకుండా చేశాను.

నేను ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు వేరే ఊళ్ళో బడిలో పాఠాలు చెబుతున్నాను. నోటీసులన్నీ నా చేతే రాయిస్తారు, రాత బాగుంటుందని. ఓబుళమ్మ కోసం ఒకసారి రైలుగేటు దాకా పోయాను, చాలా ఆలస్యంగా. బెంగళూరు పనులకు పోయిందన్నారు. ఎక్కడో వాళ్ళకూ తెలియదు. దొరికితే చెప్పేదాన్నా? ఇది కూడా నేను గట్టిగా చెప్పలేను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసింది మీరు కాదు.

కాగితం ఇప్పుడు నా ముందే విప్పి ఉంది. మడతల దగ్గర అరిగిపోయింది. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది. "బొమ్మ పెట్టుకోండి సారూ, మేము వద్దనము. కుళాయి తియ్యాకండి. చెట్టు కొట్టాకండి. బొమ్మను పదడుగులు ఆ పక్క పెడితే అందరికీ సరిపోతాది." ఇంతే అడిగారు. పదడుగులు.

ఆ ఫైలు అక్కడి రికార్డుల గదిలో ఉండే ఉంటుంది. రేపు ఎవరైనా తెరిస్తే ఊరంతా ఒప్పుకుందని చదువుతారు. కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, నా చేత్తోనే, అందరికీ తెలిసిన ఆ అక్షరాలతోనే. అభ్యంతరం వచ్చింది. పన్నెండు మంది వేలిముద్రలతో, గడువుకు అయిదు రోజుల ముందే వచ్చింది. అందుకున్నది నేను.