బ్యాటరీ లేని కారులో ఇండికేటర్

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళి పని చూసుకునే రకం నేను. భయం వల్ల కాదు, విసుగు వల్ల. నా పేరు షబానా. ఆటోమొబైల్ డిప్లొమా చదివాను. పెళ్ళయ్యాక నా భర్త కరీంతో కలిసి అనకాపల్లిలో కార్ల షెడ్డు నడుపుతున్నాను. ఇంజను పని ఆయనది, వైరింగు పని నాది. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు. కారులో వింత చప్పుడు వస్తోందని ఎవరు తెచ్చినా, విప్పి చూస్తే వదులైన బోల్టో, తెగిన వైరో ఉంటుంది. అలా ఏదీ దొరకనిది నాకు ఒక్కసారే ఎదురైంది.

కశింకోట దగ్గర చెరకు పండించే అప్పలరాజు తన పాత జీపు బాగుచేయించుకోవడానికి వచ్చి మాకు దగ్గరయ్యాడు. నన్ను అక్కా అనేవాడు, కరీంని బావా అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్క నూకరత్నం, అతను కలిసి వ్యవసాయం చూసుకునేవారు. ఒకరోజు రాజు రెండు సీట్ల నీలం స్పోర్ట్స్ కారు వేసుకుని షెడ్డు ముందు ఆగాడు. విదేశీ కారు, సెకండ్‌హ్యాండ్. గుడ్డ టాపు, మడిస్తే వెనక్కి వెళ్ళిపోతుంది. నేలకి ఎంత దగ్గరగా ఉండేదంటే, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దాన్ని బతిమాలుకుంటూ ఏటవాలుగా ఎక్కించాల్సి వచ్చేది. చెరకు ట్రాక్టర్ల మధ్య ఆ కారుని చూసి జనం నవ్వేవారు. రాజు కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

"సిన్నప్పట్నుంచీ ఇదొక్కటే కోరికక్కా. ఇంకేటీ అడగలేదు నేను," అన్నాడు నాతో.

తర్వాతి ఏడాది చెరకు లోడు మీద తాడు బిగిస్తూ జారిపడ్డాడు. తలకి దెబ్బ. విశాఖలో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబడింది కానీ మెలకువ రాలేదు. వారాలు, నెలలు గడిచాయి. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

వానాకాలం ముదిరాక నూకరత్నం ఆ కారుని లారీ మీద వేయించుకుని మా షెడ్డుకి తీసుకొచ్చింది. నెలల తరబడి కళ్ళంలో చిరిగిన టార్పాలిన్ కింద ఉండిపోయింది అది. టాపు మడతల్లో ఆకులు కుళ్ళి ఉన్నాయి. అమ్మేస్తుందేమో అనుకున్నాను.

"అమ్మడానికి కాదు సెల్లీ. ఆడికి బాగా తెలిసిన సప్పుళ్ళు ఇనిపించమన్నాది ఆసుపత్రిలో నర్సమ్మ. నా గొంతు రోజూ ఇంతన్నాడు, పలకట్లేదు. ఈ ఇంజను సప్పుడంటే ఆడికి పేణం. ఆడి ఫోను పడ్డప్పుడే పగిలిపోనాది, ఈడియోలన్నీ అందులోనే పోనాయి. ఒక్కసారి బండి ఆడించి ఇచ్చీ. రికార్డు సేసుకుని ఎల్లిపోతాను."

ఆమె అడిగింది అంతే. మేం సరే అన్నాం. ఒక పూట పని అనుకున్నాం.

బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. అది ఊహించిందే. వేరే బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే స్టార్టర్ తిరిగింది కానీ ఇంజను అందుకోలేదు. మామూలుగా తాళం తిప్పగానే సీటు వెనక పెట్రోలు పంపు చిన్నగా మూలుగుతుంది. అది మూలగలేదు. ప్లగ్గుల్లో నిప్పు లేదు. ఫ్యూజులు బాగున్నాయి, రిలేలు బాగున్నాయి. తుప్పు పట్టిన ఎర్తు వైర్లు గీకి శుభ్రం చేశాను. స్కానర్ తగిలిస్తే ఇంజను కంప్యూటర్ నుంచి జవాబే లేదు. లోపలికి నీళ్ళు దిగాయేమోనని రెండు వైపులా కార్పెట్ తడిమి చూశాను. పొడిగా ఉంది.

అలా రోజులు గడిచిపోయాయి. చివరికి ఇంజను కంప్యూటరే కాలిపోయి ఉంటుందని ఇద్దరం తేల్చుకున్నాం. అది బయటి దేశం నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ మాట నూకరత్నానికి ఎలా చెప్పాలా అని పొద్దున్నంతా ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను.

మధ్యాహ్నం వాన పెద్దదైంది. కరెంటు పోయింది. కరీం అప్పటికే కారులోంచి బ్యాటరీ తీసి గోడ పక్క బల్ల మీద పెట్టాడు. ఇక వాయిదా వేయలేక ఆమెకి ఫోన్ చేశాను. వాన హోరులో వినబడక స్పీకర్ పెట్టాను. ఆమె ఆసుపత్రిలో తమ్ముడి మంచం పక్కనే ఉంది.

"ఎన్నాళ్ళు పడతాది సెల్లీ?"

"నెల దాటొచ్చు అక్కా."

 అంతలో ఆమె గొంతు మారింది.

"బండి లేవలేదంటావు, మరి ఇండికేటరేసేరేటి? టిక్కు టిక్కుమని ఇనబడతంది."

అప్పుడు విన్నాను. కారులోంచి వస్తోంది. టిక్, టిక్, టిక్. వాన చుక్కలైతే ఒకదానికొకటి సంబంధం లేకుండా పడతాయి. ఇది ఒకే కొలతలో, మలుపు దగ్గర ఆగిన కారు ఇండికేటర్ లాగే కొడుతోంది. ఫోను కట్టయింది. చప్పుడు ఆగలేదు.

కరీం టీ గ్లాసు కింద పెట్టాడు. "బ్యాటరీ పెట్టేవేటి?"

"నేనెక్కడ పెట్టాను, అదిగో బల్ల మీదుంది."

ఇద్దరం బల్ల వైపు చూశాం. బ్యాటరీ అక్కడే ఉంది, దానికి వైరు కూడా లేదు. కరీం "యా అల్లా" అని గొణిగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.  నాలో భయం కన్నా ముందు వృత్తి లేచింది. చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి.

తలుపు తీశాను. మీటర్ల దగ్గర దీపమేదీ వెలగడం లేదు. చప్పుడు ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోటునుంచి వస్తోంది. మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ మీద అరచెయ్యి ఆనించాను. ఇంతకుముందు తడిమిన చోటే. పైన పొడిగానే ఉంది. కానీ అడుగునుంచి ఎవరో గోటితో తడుతున్నట్టు ఆ టిక్ నా చేతికి తగిలింది. ఇది నేను ఊహించుకున్నది కాదు. కరీం చేతిని కూడా లాగి అక్కడ పెట్టాను. ఆయనకీ తగిలింది.

చెయ్యి గట్టిగా అదిమాను. వేళ్ళ మధ్యనుంచి చల్లటి నీళ్ళు పైకి వచ్చాయి.

చప్పుడు ఆగిపోయింది.

కార్పెట్ చింపినంత పని చేసి లేపాం. కింద మందపాటి ఫోము. చెరువంత నీళ్ళు తాగి ఉంది. టాపు మీద పడిన వాన నీళ్ళు బయటికి పోయే గొట్టాలు ఆకులతో మూసుకుపోయి, నీళ్ళన్నీ లోపలికి దిగాయి. ఆ ఫోము కింద ఇంజను కంప్యూటర్‌కి వెళ్ళే వైర్ల జాయింటు ఉంది. పిన్నులు పచ్చగా చిలుము పట్టి, ముట్టుకుంటే రాలిపోయాయి. కంప్యూటర్ బాగానే ఉంది. దానికి కరెంటే అందడం లేదు.

కొత్త పిన్నులు వేశాను. వైర్లు కోసి మళ్ళీ అతికాను. కరీం గొట్టాల్లోని ఆకులు తీసి, నీళ్ళు పోసి చూశాడు. మర్నాడు బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే సీటు వెనక పంపు మూలిగింది. ఇంకాస్త తిప్పితే ఇంజను ఒకసారి దగ్గి, అందుకుని, షెడ్డు రేకులు అదిరేలా మోగింది. నాకు ఏడుపొచ్చింది. కరీం ఫోను పట్టుకుని సైలెన్సర్ దగ్గర గొంతుక్కూర్చుని రికార్డు చేశాడు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. కారు లేచాక ఇండికేటర్ వేసి చూశాను. టిక్‌మనే రిలే స్టీరింగు వెనక ఉంది, అంటే కుడి వైపు. ఎడమ కార్పెట్ కింద చప్పుడు చేయగల వస్తువేదీ లేదు. వైరింగు బొమ్మ తెప్పించుకుని కూడా చూశాను. లేదు.

రెండో సంగతి నూకరత్నం చెప్పింది. రికార్డు తీసుకోవడానికి వచ్చినప్పుడు, నేనేమీ అడగకుండానే చెప్పింది.

"నిన్న నీతో మాటాడతన్నానా, అప్పుడే ఆడు ఎడం సెయ్యి ఏళ్ళు కదిపేడు సెల్లీ. కిందకీ పైకీ, కిందకీ పైకీ. పడ్డ కాడ్నుంచీ అదే మొదలు. ఆ కంగారులో ఫోను జారిపోనాది. డాట్రుగోరు ఒక్కోపాలి అలా కదుల్తాదమ్మా, ఆశ పెట్టుకోవచ్చు అన్నారు."

ఆమెకి కారు నడపడం రాదు. మన కార్లలో ఇండికేటర్ మీట కుడి చేతికి ఉంటుందని, ఆ విదేశీ కారులో ఎడమ చేతికి ఉంటుందని ఆమెకి తెలియదు. నేను చెప్పలేదు. 

ఇంజను చప్పుడు వినిపించిన మొదటిరోజు ఏమీ జరగలేదు. ఆమె రోజూ వినిపించింది. ఒక ఉదయం రాజు కళ్ళు తెరిచి ఫోను వైపు తిప్పాడు. ఆ తర్వాత అంతా నెమ్మదిగానే సాగింది. నీళ్ళు మింగడం, కూర్చోవడం, ఒక్కో మాట కూడబలుక్కోవడం. డాక్టర్ల వైద్యం, అతని వయసు, అక్క ఓపిక, అన్నీ కలిసి బతికించాయని నా నమ్మకం. అందులో వింతేమీ లేదు.

కిందటి నెల ఆ నీలం కారు సర్వీసుకొచ్చింది. స్టీరింగు దగ్గర నూకరత్నం. మా ఆయన దగ్గరే నేర్చుకుని లైసెన్సు తీసుకుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, క్లచ్చు వదలడంలో ఒక కుదుపు కుదిపి ఆపింది. ఎడమ సీట్లో రాజు. కర్ర సాయంతో దిగాడు. కాస్త ముద్దగా మాట్లాడుతున్నాడు కానీ నవ్వు అదే.

"మా యక్క నడపతంటే గేరుబాక్సు ఏడుత్తంది బావా," అన్నాడు కరీంతో.

"నోర్ముయ్యరా, నిన్ను ఆసుపత్రికి తిప్పతన్నది నేనే," అంది ఆమె.

టీ తాగుతూ ఆ మధ్యాహ్నం సంగతంతా మొదటిసారి వాళ్ళకి చెప్పాను. రాజు శ్రద్ధగా విన్నాడు. పడిన క్షణం నుంచి ఆసుపత్రిలో కళ్ళు తెరిచేదాకా తనకేమీ గుర్తులేదన్నాడు. కలలాంటిది కూడా లేదు. అల్లా దయ అన్నాడు కరీం. అమ్మోరి సలవ అంది నూకరత్నం. ఇద్దరూ నా వైపు చూశారు. నేను గ్లాసు పక్కన పెట్టి లేచి కారు దగ్గరికి వెళ్ళాను.

వాళ్ళు మాటల్లో ఉండగా నేను ఎడమ కార్పెట్ లేపి చూశాను. పొడి ఫోము, నేను అతికిన వైర్లు. వంగి చెవి ఆనించాను.

"ఏటి ఎతుకుతన్నావక్కా?" అన్నాడు రాజు.

"ఏమో రాజూ, నాకూ తెలీదు," అని కార్పెట్ సర్ది, తాళాలు వాళ్ళక్క చేతికిచ్చాను.