సీటు మీద దస్తీ

జహీరాబాద్ బస్టాండులో బస్సు కదలబోతుండగా పోలీసులు, మున్సిపాలిటీ వాళ్లు ఎక్కారు. పక్క దేశం నుంచి దొంగచాటుగా వచ్చినవాళ్లను వెతుకుతున్నారట. నన్నేమీ అడగలేదు. నా పక్కన కూర్చున్న యువకుడి యాస విని, ఆధార్ చూపించినా దిగమన్నారు. అతను జేబులోంచి దస్తీ తీసి సీటు మీద పరిచాడు.

"అన్నా, జర చూడు. ఇప్పుడే వస్త."

అతను రాకముందే బస్సు కదిలింది. ఆపమని కండక్టరమ్మను అడిగాను.

"వాళ్లే పొమ్మన్నరు సార్, నేనేం చెయ్యాలె?" అంది.

అతనిది ఏ ఊరో, ఏ దేశమో నాకేం తెలుసు? దస్తీ వేసి సీటు ఆపుకోవడం మాత్రం అచ్చం మా వాళ్ల అలవాటే.

సదాశివపేటలో సంచితో ఎక్కిన పెద్దాయన దస్తీని చూసి అడిగాడు. "ఎవరన్నా ఉన్నరా సారూ?"

"ఉన్నరు. వస్తరు" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన సంగారెడ్డి దాకా ఆ దస్తీ పక్కన నిలబడే వచ్చాడు.