బోర్డర్లో నేర్చిన జడ

ఈ ఉదయం మా పాప తలకు రాద్దామని కొబ్బరినూనె సీసా మూత తీయగానే ఆ వాసనకు నాన్న గుర్తొచ్చారు. రామచంద్రపురంలో మా ఇంటి అరుగు మీద, బడికి వెళ్లేముందు నాకు రోజూ రెండు జడలు వేసింది ఆయనే.

నాన్న ఆర్మీలో పనిచేసి రిటైరయ్యి వచ్చారు. ఆయన "సావధాన్" అనగానే నేను కదలకుండా నిలబడాలి. పాపిట తీస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. జడలు ఎంత బిగుతంటే నా కనుబొమ్మలు పైకి లేచేవి. రిబ్బన్లు కట్టడం అయ్యాక "విశ్రామ్" అనేవారు. అప్పుడు ఊపిరి వదిలేదాన్ని.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, "బోర్డర్లోనమ్మా" అన్నారు.

అందుకే, సైనికులు సరిహద్దులో ఏం చేస్తారని టీచర్ గారు అడిగినప్పుడు గబుక్కున లేచి, "జడలు వేస్తారండి" అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. టీచర్ గారు తప్పని కూర్చోబెట్టారు. ఏడుస్తూ ఇంటికొచ్చాను.

సంగతి విని అమ్మ కూడా నవ్వేసింది. "నువ్వు పుట్టావని తెలిసిన దగ్గర్నుంచీ, డ్యూటీ దిగాక టెంటు తాళ్లతో జడలల్లి ప్రాక్టీసు చేశార్టే మీ నాన్న. తోటివాళ్లు ఏడిపించినా మానలేదంట."

నాన్న తల దించుకుని దువ్వెన శుభ్రం చేసుకుంటున్నారు.

"అమ్మా, బిగుతు" అంటోంది మా పాప. నేను "సావధాన్" అన్నాను.

ఆ రోజు నా జవాబు తప్పంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.