ఒడ్డుకు నీడ

“మా అక్క నోట్లో మట్టి కొట్టడానికి నీకెంత ముట్టింది బావా?”

కలప డిపోలో రంపం మేస్త్రిని అతని బావమరిది నలుగురిలో నిలేసి అడిగిన మాట ఇది. దమ్మిడీ ముట్టలేదు. సరస్సు ఒడ్డున నీళ్ళ మీదికి వంగిన చెట్లను మేస్త్రి సెలవురోజున, ఊరికే, చేపలు పట్టే పెళ్ళాం కోసం నరికాడు. మునిగిన కొమ్మలకు తగులుకుని ఆమె వలలు చిరిగిపోయేవి. గుమ్మంలో కూర్చుని ఆమె వాటిని బాగుచేసుకుంటుంటే చూడలేకపోయేవాడు. ప్రేమను నోటితో చెప్పడం అతనికి రాదు. వచ్చిందల్లా రంపం.

ఆ ఏడు ఒక్క వలా చిరగలేదు. ఆమె మురిసిపోయింది కూడా. నేలలో మిగిలిన వేర్లు కుళ్ళేదాకా అంతా బాగానే నడిచింది. రెండో ఏటి వానలకు ఒడ్డు పెళ్ళలు పెళ్ళలుగా నీళ్ళలోకి జారింది. చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ మీద బురద మేట వేసింది. నీడ పోయి ఒడ్డునీళ్ళు వేడెక్కాయి. చేపలు లోతుకు వెళ్ళిపోయాయి. ఆమె చిన్న పడవ అంత దూరం పోలేదు. ప్రకృతి పగబట్టిందని పెద్దమనుషులు నిట్టూర్చారు. సరస్సుకు పగలూ ప్రతీకారాలూ ఎక్కడివి? పట్టి ఉంచే వేరు లేకపోతే మట్టి జారుతుంది, అంతే.

ఆమె మొగుణ్ణి పల్లెత్తు మాట అనలేదు. చేపల బజారులో అమ్ముకునే బల్లకు అద్దె కట్టకపోతే అది చేయి జారిపోతుందని మాత్రం ఒకసారి అంది. మర్నాడు మేస్త్రి నర్సరీ నుంచి బండెడు మొక్కలు తెచ్చి, దారం పట్టి ఒకే వరసలో నాటడం మొదలుపెట్టాడు. డిపోలో దుంగలు పేర్చే అలవాటు మరి.

ఆమె వచ్చి నడుమున చేతులు పెట్టుకుని చూసింది.

“వీటితో కవాతు చేయిస్తావా ఏంటి? నీళ్ళ అంచుకు జరుపు. రేపు పెరిగాక కొమ్మ నీళ్ళలో వాలాలి.”

“మళ్ళీ నీ వల చిరుగుతుంది.”

“చిరగనీ. నేను బాగుచేసుకుంటాను. నువ్వు పక్కన కూర్చుని దారం అందించు, చాలు.”

అతను మొక్కలన్నీ పీకి, ఆమె చూపించిన చోటల్లా మళ్ళీ నాటాడు.

చేపలు ఇంకా ఒడ్డుకు రాలేదు. ఆమె బల్లలో సగం ఒక కూరగాయలామెకు అద్దెకు ఇచ్చి, తన సగం నిలబెట్టుకుంది. నర్సరీకి ఆరు వందలు ఇంకా బాకీ.