నాలుగు ఆదివారాల గడువు

మా అత్తగారింట్లో ఆదివారం తలంటుకు ఒకటే గిన్నె. కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, చిక్కగా పిసికి అందరి నెత్తినా ఆ రసమే పోసేవారావిడ. కాలువ కింద పొలాలు కొని కోస్తా నుంచి బళ్లారి జిల్లాకు వచ్చినప్పుడు ఆ పద్ధతినీ మూటగట్టుకుని వచ్చారు. ఆవిడది పల్చటి జిడ్డు జుట్టు, కుంకుడుతో తేలిగ్గా మెరిసేది. నాది ఈ బళ్లారి వైపే. తొమ్మిదేళ్ల నా కూతురిది నా పోలిక, ఒత్తైన ఉంగరాల జుట్టు. అదే రసానికి ఎండి కొబ్బరిపీచయ్యేది.

ఒకరోజు చిక్కు తీస్తుంటే దువ్వెన పళ్లు రెండు విరిగాయి.

"మీ వైపు జుట్టమ్మాయ్ ఇది! దువ్వెన చాలదు, నాగలి కట్టాలి. వేసవి సెలవుల్లో గుండు చేయించేద్దాం" అన్నారు అత్తగారు.

పిల్ల నా కొంగు పట్టుకుంది. బోడితలతో బడికి వెళ్లాలంటే దానికి ప్రాణం మీదికొచ్చినట్టే.

"మా వైపు నెత్తికేమైందత్తా? తప్పంతా మీ గిన్నెదే ఉండాది. నాలుగు ఆదివారాలు నాకొదిలేయండి. ఆ తర్వాత మీరే దువ్వండి. దువ్వెన ఆగిందా, గుండుకు నేనే కూచోబెడతా" అన్నాను.

మొదటి ఆదివారం ఖరీదైన వాసన సబ్బు తెప్పించి రుద్దాను. మా బావివి ఉప్పునీళ్లు. నురగ రాలేదు సరికదా, తలంతా మైనం పూసినట్టు అంటుకుపోయింది. రసాయనశాస్త్రం చదివిన దానికి ఆ మాత్రం తెలియదా? తెలుసు, పరీక్ష రాసేటప్పుడు తెలుసు. అత్తగారు మాత్రం తలుపు దగ్గర నిలబడి హాయిగా నవ్వారు.

మా పొలానికి నాట్లకు వచ్చే ఒకామెదీ ఉంగరాల జుట్టే. జడ మాత్రం మోకుతాడంత లావున, నున్నగా ఉండేది. సిగ్గు విడిచి అడిగాను.

"కుంకుడా! యాడన్నా ఉందా అక్కా? ఈ జుట్టుకు అది నిప్పు. సీగెకాయపొడి గంజిలో కలిపి రుద్దు. ఆఖర్న దాసాళం ఆకు నూరి జిగురు పట్టించు. తడి మీదనే వేళ్లతో చిక్కు తియ్యి, దువ్వెన తర్వాత" అందామె.

సీగెకాయంటే శీకాయ, దాసాళమంటే మందారమే, మా పెరట్లోనే ఉంది. మిగిలిన మూడు ఆదివారాలూ ఆమె చెప్పినట్టే చేశాను.

గడువు తీరిన రోజు అత్తగారు దువ్వెన పట్టుకుని పీట మీద కూర్చున్నారు. నడినెత్తిన పెట్టి లాగితే కొస దాకా జారిపోయింది. నమ్మలేక మళ్లీ లాగారు. పిల్ల కిసుక్కున నవ్వింది. ఆవిడ దువ్వెన పళ్లు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

మరుసటి ఆదివారం నేను దాచిన గంజి సగమైంది. మధ్యాహ్నానికి అత్తగారి జుట్టు ఆవు నాకినట్టు నెత్తికి అంటుకుపోయి కనిపించింది.

"మీకు కుంకుడే కావాల అత్తా" అన్నాను. ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు!

అప్పటినుంచీ మా ఇంట్లో తలంటుకు రెండు గిన్నెలు. బడి తెరిచిన రోజు పిల్ల రెండు జడలకూ రిబ్బను చాలలేదు. ఇంకో మూర తెచ్చి కట్టింది అత్తగారే.